పళ్ళక్క వెతుక్కున్న పని

పళ్ళు తయారుచేసే ల్యాబ్‌లో ఆవిడని అందరూ పళ్ళక్క అనేవాళ్ళు. ఎవరు మొదలుపెట్టారో గుర్తులేదు గానీ పంతొమ్మిదేళ్ళు ఆ పేరుతోనే గడిచిపోయాయి. డాక్టర్లు నోటి అచ్చు తీసి పంపిస్తే, దానికి సరిపోయే పన్ను మైనంతో చెక్కడం ఆవిడ పని. కిటికీ పక్క బల్ల, మెడ వంచే దీపం, నాలుగు చిన్న కత్తులు. ఆ అచ్చులో పోసిన ప్లాస్టర్ దవడని చేతిలో అటూ ఇటూ తిప్పి, "ఈయన నిద్రలో పళ్ళు కొరుకుతాడు, కాస్త దిట్టంగా చెయ్యాలి" అనేది. సాయంత్రం డాక్టరు ఫోన్ చేసి అదే మాట చెప్పేవాడు. ఆ మనుషుల మొహాలు ఆవిడెప్పుడూ చూడలేదు. చూడాలనీ అనుకోలేదు. ప్లాస్టర్ నోరు ఎదురు మాట్లాడదు, కాబట్టి ఆవిడకి దానితో సుఖంగా ఉండేది.

ఆవిడ నలభై రెండో ఏట ల్యాబ్‌లోకి ఫ్రిజ్ అంత మెషిన్ వచ్చింది. కంప్యూటర్‌లో బొమ్మ గీస్తే చాలు, తెల్లటి దిమ్మ లోంచి పన్నుని అదే చెక్కి పడేస్తుంది. యజమాని మంచివాడే. "నిన్ను తీసెయ్యనమ్మా, నీకెందుకు భయం" అని ప్యాకింగ్ బల్ల దగ్గర కూర్చోబెట్టాడు. డబ్బాలో దూది వేసి, పన్ను పెట్టి, చీటీ అంటించడం. అయితే మెషిన్ చేసిన పన్ను సరిగ్గా కూర్చోనప్పుడల్లా ఎవరో ఒకరు చప్పుడు చెయ్యకుండా తెచ్చి ఆవిడ బల్ల మీద పెట్టేవాళ్ళు. ఆవిడ దాన్ని సరిచేసి డబ్బాలో పెట్టేది. ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదు, ఆవిడా అనేది కాదు.

నాలుగు నెలలు అలా నడిచాయి. ఒకరోజు ఒక పెద్ద డాక్టరు ల్యాబ్ చూడటానికి వచ్చాడు. యజమాని ఆయన్ని మెషిన్ చుట్టూ తిప్పి, ఆవిడ బల్ల దాకా తెచ్చి, "ఈవిడ మా ప్యాకింగ్ చూస్తుంది" అన్నాడు. అప్పుడు ఆవిడ చేతిలో మెషిన్ తప్పుగా చెక్కిన దంతం ఉంది, సగం అరగదీసింది. దాన్ని అలాగే బల్ల మీద పెట్టి, ఏప్రన్ విప్పి కుర్చీకి తగిలించి, బస్సెక్కి ఇంటికొచ్చేసింది.

అసలు తిప్పలు ఇంట్లో మొదలయ్యాయి. ఇప్పుడేం చెయ్యాలన్నది ఆవిడ ఒక్కదాని ప్రశ్న అనుకుంది. ఇంటిల్లిపాదికీ అది కాలక్షేపం అయిపోయింది. ఆడపడుచు ఫోన్ చేసి, "వదినా, మా పార్లర్‌కి వచ్చెయ్, నీ చెయ్యి వణకదు, కనుబొమలకి భలే పనికొస్తుంది" అంది. కాలేజీలో చదివే కూతురు, "అమ్మా, కంప్యూటర్ నేర్చుకో, ఏదైనా దొరుకుతుంది" అంది. చెవి సరిగ్గా వినపడని అత్తగారు, "దానికి పన్ను నొప్పా? ఏమిటంతసేపు మాట్లాడుకుంటున్నారు?" అని అడిగేది. బస్సు డ్రైవరుగా పనిచేసే మొగుడు మాత్రం ఏమడిగినా రెండే మాటలు అనేవాడు. "నీ ఇష్టం."

పార్లర్‌లో పదకొండు రోజులు చేసింది. పన్నెండో రోజు, అద్దంలో తనని చూసుకుని మురిసిపోతున్న ఒకామెతో, "మీ కింది దవడ ఎడమకి జరిగిందండీ, ఆ పక్క పళ్ళు తొందరగా అరిగిపోతాయి" అని చెప్పింది. ఆమె డబ్బులిచ్చింది గానీ మళ్ళీ రాలేదు. ఆడపడుచు రెండు రోజులు మూతి ముడుచుకుంది. తర్వాత కేకుల షాపు. పంచదార ముద్దతో గులాబీలు చెయ్యమన్నారు. ఒక్కో గులాబీకి ముప్పావు గంట పట్టింది. రేకు వెనక ఈనెలు కూడా గీసింది. యజమానురాలు ఆ గులాబీని చాలాసేపు చూసి, "బాగుందండీ, కానీ తినేసేదానికి ఇంత ఎందుకు? మిగతా యాభై ఎప్పుడు చేస్తారు?" అని అడిగింది. అందులో తప్పేమీ లేదు. అందుకే ఇంకా ఒళ్ళు మండింది.

చివరికి కూతురు పోరు పడలేక, ఉద్యోగాల సలహాలిచ్చే ఆఫీసుకి వెళ్ళింది. నీలం కుర్చీలు, గోడ మీద నవ్వుతున్న మనుషుల ఫొటోలు. కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి నూట నలభై ప్రశ్నలు అడిగారు. మీకు మనుషులతో పని ఇష్టమా, వస్తువులతో ఇష్టమా? చిన్న వివరాలు పట్టించుకుంటారా? ఒకే చోట ఎంతసేపు కూర్చోగలరు? ఎప్పుడూ ఎవరూ అడగని ప్రశ్నలు. కాబట్టి మనసు పెట్టి, నిజాయితీగా జవాబులిచ్చింది. సలహాలిచ్చే అమ్మాయి కాగితం తీసుకుని, కళ్ళు పెద్దవి చేసి, "మీకు సరిగ్గా సరిపోయే వృత్తి దొరికిందండీ. తొంభై ఆరు శాతం. కట్టుడు పళ్ళ తయారీ" అంది.

పళ్ళక్క కుర్చీ ముందుకి జరుపుకుంది. "రెండోది ఏమొచ్చింది?" అంది.

"నగల తయారీ."

వెళ్ళి అడిగింది. నగల షాపాయన మర్యాదగా కూర్చోబెట్టి, వెనక గదిలోకి తీసుకెళ్ళి కొత్తగా కొన్న మెషిన్ చూపించాడు. రంగు వేరు గానీ, అది కూడా ఫ్రిజ్ అంతే ఉంది.

ఆ సాయంత్రం మొగుడు డ్యూటీ దిగి వచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే, ఆవిడ తలుపు దగ్గర నిలబడి అడిగింది. "ఏవండీ, ఈసారి నీ ఇష్టం అనకండి. నాకు ఏ పని సరిపోతుందో, మీకేమనిపిస్తోందో చెప్పండి."

ఆయన తువ్వాలుతో కాళ్ళు తుడుచుకున్నాడు. "నాకేం తెలుసే. నేను ఏదో ఒకటి చెప్పాననుకో, అది కుదరకపోతే జీవితాంతం నేను చెప్పబట్టే ఇలా అయిందంటావు."

"అంటే ఇన్నాళ్ళూ భయపడి అన్నారా ఆ మాట? పట్టించుకోక కాదా?"

"పట్టించుకోకపోతే భయమెందుకు?"

ఇరవై ఏళ్ళ కాపురంలో ఆ సంగతి ఆవిడకి తెలియదు. కోపం తగ్గలేదు గానీ, దాన్ని ఎవరి మీద పెట్టుకోవాలో తెలియకుండా పోయింది.

మరుసటి వారం అత్తగారిని చెవి మిషన్ల షాపుకి తీసుకెళ్ళాల్సి వచ్చింది. ఆరు నెలల కింద కొన్న మిషన్. పెట్టుకుంటే కూతపెడుతుంది, నమిలితే నొప్పెడుతుంది. అందుకని అది డ్రాయర్‌లో ఉండేది, ఇల్లంతా అరుచుకుంటూ బతికేది. షాపు నడిపే మనిషి బక్కగా, అలిసిపోయిన మొహంతో ఉన్నాడు. "కొన్నాళ్ళకి అలవాటైపోతుందమ్మా" అన్నాడు.

పళ్ళక్క చెవిలో పెట్టుకునే ఆ ముక్కని చేతిలోకి తీసుకుని దీపం కింద తిప్పింది. అది చెవి రంధ్రానికి తీసిన అచ్చు. ఎన్ని నెలలైందో అచ్చు పట్టుకుని. బొటనవేలికి ఒక చోట ఎత్తుగా తగిలింది.

"ఇది తీసేటప్పుడు ఆవిడ నోరు మూసి ఉందా, తెరిచి ఉందా?"

"చెవి అచ్చుకి నోటితో ఏం పనండీ?"

"దవడ కీలు చెవి పక్కనే కదా ఉండేది. నోరు తెరిస్తే లోపల దారి ఆకారం మారుతుంది. మీరు మూసి ఉన్నప్పుడు తీశారు. ఈవిడ నోరేమో ఎప్పుడూ మూసి ఉండదు."

"ఏమంటోంది నా గురించి?" అంది అత్తగారు.

షాపాయన చెవి మీద వేలు పెట్టుకుని, నోరు రెండుసార్లు తెరిచి మూశాడు. తర్వాత అత్తగారి నోట్లో ఒక చెక్క ముక్క పెట్టి, నోరు తెరిపించి కొత్త అచ్చు తీశాడు. వారం తర్వాత వచ్చిన కొత్త ముక్క కూతపెట్టలేదు. షాపాయన డ్రాయర్ లాగి చూపించాడు. జనం తిరిగి తెచ్చి పడేసిన చెవి ముక్కలు, పేర్ల చీటీలతో సహా, నిండుగా ఉన్నాయి. "ఇవి సరిచేస్తారా? రేపట్నించి రండి" అన్నాడు.

ఆర్నెల్ల కింద అయితే ఆవిడ ఎగిరి గంతేసేది. ఇప్పుడు మాత్రం, "ఈ పనికి మెషిన్ ఎప్పుడొస్తుంది?" అని అడిగింది.

ఆయన అబద్ధం చెప్పలేదు. "పెద్ద షాపుల్లో వచ్చేసింది. నా దాకా రావడానికి మూడేళ్ళు పడుతుందేమో."

"మరి అప్పుడు మీరేం చేస్తారు?"

"నా పని ఇదొక్కటే కాదు కదండీ. వినికిడి పరీక్ష చెయ్యాలి, మిషన్ సరిపెట్టాలి, పెట్టుకోమని బతిమాలాలి. బతిమాలే మెషిన్ ఇంకా రాలేదు."

ఇంటికొచ్చి రెండు రోజులు అదే లెక్క వేసుకుంది. డ్రాయర్‌లో ముక్కలు చెక్కుకుంటూ కూర్చోవడం తనకి ప్రాణం. మనుషుల ఎదురుగా కూర్చుని వాళ్ళ సణుగుడు వినడం తనకి నరకం. మూడేళ్ళ తర్వాత మిగిలేది ఆ రెండోదే. మూడో రోజు వెళ్ళి, "ముక్కలు సరిచేస్తాను. కానీ పరీక్ష చెయ్యడం కూడా నేర్పించాలి, కోర్సులో చేర్పించాలి" అంది. మొగుడితో చెప్తే ఈసారి, "కష్టమే. కానీ చెయ్యి" అన్నాడు. అది ఆయన మొట్టమొదటి సలహా.

కోర్సు రెండేళ్ళు. క్లాసులో కూతురి ఈడు పిల్లలు. మొదటి పరీక్షలో శబ్ద తరంగాల పేపరు తప్పింది. కూతురు పక్కన కూర్చుని చెప్తుంటే, పెన్ను విసిరేసి, "ఇదంతా నాకెందుకే ఈ వయసులో" అని ఏడ్చింది. రెండోసారి ముక్కుతూ మూలుగుతూ గట్టెక్కింది.

కోర్సు అయ్యాక షాపులో ఆవిడ మొదటిసారి ఒక్కతే పరీక్ష చేసిన మనిషి ఒక పెద్దాయన, రిటైరైన బడి మాస్టారు. మిషన్ పెట్టగానే పీకి బల్ల మీద పడేశాడు. ఆవిడకి గొంతు దాకా విసుగొచ్చింది.

"ఎక్కడ గుచ్చుకుంటోంది మాస్టారూ?"

"గుచ్చుకోవట్లేదమ్మా. అన్నీ వినపడుతున్నాయి. ఫ్యాను, కాగితాలు, నా ఊపిరి. ఇంత గోలలో ఎలా బతికారు మీరంతా?"

ఏం చెప్పాలో కోర్సులో నేర్పలేదు. ఫ్యాను ఆపింది. కుర్చీ దగ్గరికి లాక్కుని, శబ్దం రెండు మెట్లు తగ్గించి, మళ్ళీ పెట్టింది. ఆయన మళ్ళీ తీశాడు. మళ్ళీ తగ్గించింది. అలా గంటన్నర పట్టింది. ఆఖరికి ఆయన తీయకుండా వెళ్ళాడు, థాంక్స్ చెప్పకుండా.

"ఎలా ఉందండీ పని?" అని షాపాయన అడిగాడు.

"నేను అనుకున్నట్టే ఉంది, నరకం" అంది పళ్ళక్క, తర్వాతి చీటీ తీసి పేరు పిలుస్తూ.