కిడ్నీ కింద, ముక్కు పైన

ఫౌజు నుంచి దిగినంక నా ఆఖరి పోస్టింగు యూనివర్సిటీ గేటు కాపలా, తార్నాక వైపు. మార్చి నెలల చేరిన. ముందు రోడ్డు, వెనుక బండరాళ్లు, ఎండిన గడ్డి. నెత్తిమీద రేకు. సామాను: లాఠీ, విజిల్, వాకీటాకీ. డ్యూటీ ఆరు నుంచి రెండు దాకా. మీరంతా సరిహద్దు ముచ్చట్లు అడుగుతరు. నా కడుపు మండేది ఈ పోస్టింగుకే.

హాస్టల్ గేటు కాడ హవల్దారు. అనంతపురం మనిషి, నాలెక్కనే మాజీ ఫౌజీ. కాన్సరని ఎనిమిదేండ్ల కింద ఆయన కిడ్నీ ఒకటి తీసేసిండ్రు. నయమైందన్నరు. ఆయన నమ్మిండు.

ఓ పొద్దున వాకీటాకీల హవల్దారు పలికిండు.

"అన్నా, ముక్కులో రక్తం. ఆగడం ల్యా."

"ఎండకు వేడి చేసుంటది. ఉల్లిగడ్డ వాసన చూడు."

"వాసనే తెలీడం ల్యాప్పా. నెలాయ."

తార్నాకల ఒక క్లినిక్కుకు తీస్కపోయిన. డాక్టరు టార్చి కొట్టి చూసి సైనస్ అన్నడు. రోజుకు మూడుసార్లు ఆవిరి పట్టమన్నడు. ఫౌజీకి హుకుం హుకుమే. హవల్దారు ఒక్క పూట తప్పలే. ఆవిరి పట్టినప్పుడల్లా తువ్వాల ఎర్రగయింది.

మళ్ల పోయినం. ముక్కుల కండ పెరిగింది, కోస్తనన్నడు.

"సార్, నాకు ముందు కిడ్నీ కాన్సరుండె," అన్నడు హవల్దారు.

"కిడ్నీ కింద, ముక్కు పైన. బోడిగుండుకూ మోకాలికీ ముడేస్తవేంది పెద్దాయనా?"

నర్సు గూడ నవ్వింది.

నేను ఏడో తరగతి కాడ ఆగినోణ్ణి. మిగిలిందంతా సొంతంగ చదువుకున్న. అయినా అడుగుత: స్కానింగు తీయకుండ, రక్తం కారే కండ మీద కత్తి పెడతరా? రోగి చెప్పేది వినడానికి ఏ డిగ్రీ కావాలె?

కోసిండు. నల్లా తిప్పినట్టు రక్తం. ముక్కుల గుడ్డ కుక్కి, అంబులెన్సుల పెద్దాస్పత్రికి పంపిండు. ఆడ కోసిన కండ ముక్కను పరీక్ష చేసి చెప్పిండ్రు: ఇది పాత కిడ్నీ కాన్సరే. ఏండ్ల తరబడి నక్కి ఉండి, ఎక్కడ్నో అరుదుగ ఇట్ల సైనస్‌ల లేస్తదంట. అప్పటికే కంటి వెనుకకు పాకింది. ఊపిరితిత్తులల్ల గూడ ఉన్నది.

హవల్దారు నా చెయ్యి పట్టుకున్నడు.

"నేను ఆ డాక్టరుకు సెప్పినానా లేదా?"

"చెప్పినవ్."

"సాక్షివి నువ్వే."

వానలు పడకముందే పోయిండు. నేను లాఠీ, విజిల్ అప్పజెప్పి మల్కాజ్‌గిరి ఇంటికొచ్చిన.

కండ్లు మూస్తే ఒక్కటే కనబడతది. పెద్దాస్పత్రిల ఆయన ముక్కుల గుడ్డ బయటికి లాగుతున్నరు. మూర మీద మూర, నల్లగ, తడిగ. మత్తియ్యలే.

"అరిస్తే అరువు తాతా," అన్నది అక్కడి నర్సు.

అరవలే. స్టూలు మీద సావధాన్‌ల కూసున్నడు. నడుం నిటారు, పిడికిళ్లు తొడల మీద, బొటనవేళ్లు ముందుకు. గుడ్డ ఇంకా వస్తనే ఉన్నది.