అత్త మీదుగా వెళ్ళిన నీళ్ళు

నా చిన్నప్పుడు మా ఇంట్లో టీ కాచేవాళ్ళు కాదు. పోర్ట్ బ్లెయిర్‌లో, అందులోనూ చీకటితోనే సముద్రం మీదికి వెళ్ళే జాలరి ఇంట్లో టీ లేదంటే చుట్టుపక్కలవాళ్ళకి మేమెంత వింతగా కనబడి ఉంటామో మీరే ఆలోచించండి. అమెరికాలో పుట్టిన ఒక క్రైస్తవ శాఖ మాది, అందులో టీ తాగడం నిషిద్ధం. హాడో రేవులో గుమాస్తాగా ఉన్న ఒకాయన మెయిన్‌లాండ్ వెళ్ళినప్పుడు, తెల్లచొక్కాలూ నల్లటైలూ వేసుకున్న ఇద్దరు కుర్ర బోధకుల దగ్గర ఆ మతం పుచ్చుకుని వచ్చి, మా ఆరు కుటుంబాలకీ ఇచ్చాడు. ఆయన్ని పెద్దయ్య అనేవాళ్ళం. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. ఆయన మీద నా కోపం మాత్రం ఎక్కడికీ పోలేదు. అది దాచుకుని ఈ జ్ఞాపకం రాయడం నాకు చేతకాదు.

డాలీగంజ్‌లో ఆయన ఇంటి ముందుగదే మా ప్రార్థనాలయం. పైన రేకులు, కింద నాలుగు బల్లలు. ప్రతి ఆదివారం రొట్టె ముక్కల పళ్ళెం ముందు తిరిగేది. దాని వెనక చిన్న చిన్న గ్లాసుల్లో నీళ్ళు పోసిన ట్రే తిరిగేది. పక్కవాళ్ళు అందిస్తే మనం తీసుకుని అవతలివాళ్ళకి అందించాలి. నెలలో మొదటి ఆదివారం అందరం పస్తు. ఆ రోజు ఒక్కొక్కరే లేచి నిలబడి, "ఇది సత్యమని నాకు తెలుసు" అని చెప్పాలి. నమ్ముతున్నాను అంటే చాలదు, తెలుసు అనాలి. ఐదేళ్ళ పిల్లలం కూడా గడగడా అప్పజెప్పేవాళ్ళం. మెయిన్‌లాండ్ ఓడ ఏ రోజు వస్తుందో పోర్ట్ బ్లెయిర్‌లో ఎవరికీ సరిగ్గా తెలిసేది కాదు గానీ, పరలోకం సంగతులు మాత్రం మా ఆరు కుటుంబాలకీ ఖాయంగా తెలుసు.

మా మేనత్త ఆ మందిరంలో నా పక్కనే కూర్చునేది. నాన్నకి అక్క. పిల్లలు లేరు, అందుకని నేనే ఆమె పిల్లని. హాడో బజారులో చేపలమ్మి వస్తూ ఆదివారం ప్రార్థనకి రొట్టె కొనుక్కొచ్చేది ఆమే. గది ఊడ్చేదీ ఆమే, గ్లాసులు తోమేదీ ఆమే. మామ మా మతంలో చేరలేదు. ఆదివారం ఒడ్డున కూర్చుని వల బాగుచేసుకునేవాడు.

నాకు ఎనిమిదేళ్ళు నిండి, సముద్రంలో ముంచి నన్ను సంఘంలో కలుపుకున్న నెలలోనే మామ పడవ తిరిగి రాలేదు. మర్నాడూ రాలేదు. సంఘమంతా అత్త ఇంట్లో చేరి రెండు రోజులు పస్తుండి ప్రార్థన చేసింది. ఆ మాట కూడా చెప్పాలి, ఆ రెండు రోజులూ అత్తని ఎవరూ ఒంటరిగా వదల్లేదు, పెద్దయ్య కూడా. కానీ ఆరో రోజు పొద్దున్నే అత్త ఒడ్డుకి వెళ్ళి, పక్కింటివాళ్ళ పడవ ముక్కు మీద కర్పూరం వెలిగించి, గంగమ్మకి కొబ్బరికాయ కొట్టింది. సిక్కోలు తీరంలో ఉన్నప్పుడు వాళ్ళమ్మ అలాగే చేసేదట. చూసినవాళ్ళు ఊరుకుంటారా, గంటలో పెద్దయ్యకి చేరవేశారు.

తొమ్మిదో రోజు కబురొచ్చింది. ఇంజన్ చెడి కొట్టుకుపోతున్న మామని ఒక సరుకుల పడవ చూసి ఎక్కించుకుని ఎక్కడో ఉత్తరాన మాయాబందర్ జెట్టీలో దించింది. పెదాలు పగిలి, ఒళ్ళంతా కమిలి వచ్చాడు. వచ్చాడు, అంతే చాలు మాకు. పెద్దయ్యకి చాలలేదు. మామని తెచ్చింది మా పస్తూ మా ప్రార్థనా అని ఆయన తీర్మానం. వచ్చే మొదటి ఆదివారం అత్త అందరి ముందూ నిలబడి, కర్పూరం వెలిగించడం పాపమని ఒప్పుకోవాలి, తన మనిషిని తెచ్చింది ఈ సంఘం ప్రార్థనేనని తనకు తెలుసు అని చెప్పాలి. చెప్పేదాకా రొట్టె లేదు, నీళ్ళు లేవు.

ఆ ఆదివారం ప్రార్థన మొదలుకాకముందు పెద్దయ్య నన్ను పక్కకి పిలిచాడు. అత్త సరిగ్గా చెప్పకపోతే నీళ్ళ ట్రే ఆమెకి ఇవ్వకు, ఆమె మీదుగా చెయ్యి చాచి అవతల కూర్చున్న పక్కింటి అక్కకి అందించు అన్నాడు. సంఘంలో కలిశావు కదా, ఇప్పుడు నువ్వు పెద్దదానివి అని తల నిమిరాడు. ఆ నిమరడానికి నేను పొంగిపోయాను. ఆ సంగతి రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

పాట అయ్యాక అత్త లేచి నిలబడింది. అందరూ ఆయన్ని పెద్దయ్యా అంటే ఆమె మాత్రం మామూలుగా భయ్యా అనేది.

"భయ్యా, ఝూట్ సెప్పలేను. మీతో పాటు పస్తు ఉన్నాను, ప్రార్థన సేసినాను. గంగమ్మకీ దండం ఎట్టినాను. ఇద్దర్నీ పిలిసినాను. ఎవులు ఇన్నారో నాకు తెల్దు. నా మనిసి ఒచ్చినాడు, అదొక్కటే తెల్సు."

పెద్దయ్య కూర్చోమన్నాడు. కూర్చుంది. ముందు రొట్టె పళ్ళెం వచ్చింది. దాన్ని ఆయనే స్వయంగా పట్టుకుని అత్తని దాటించాడు. పొద్దున ఆ రొట్టె కొని తెచ్చింది ఆమేనన్న సంగతి ఆయనకి గుర్తుందో లేదో. తర్వాత నీళ్ళ ట్రే నా చేతికొచ్చింది. పెద్దయ్య నా వైపే చూస్తున్నాడు. నేను లేచి, అత్త ఒడి మీదుగా చేతులు చాచాను. స్టీలు ట్రే, నిండా గ్లాసులు, నా చేతులేమో పుల్లలు. సగం దూరం వెళ్ళేసరికి ట్రే ఒరిగింది. గ్లాసులు జారడం మొదలుపెట్టాయి.

అప్పుడు అత్త కింద చెయ్యి పెట్టింది. ట్రేని నిదానంగా ఎత్తి, సరిచేసి, తనకి ఇవ్వని ఆ నీళ్ళని ఒక్క చుక్క ఒలకకుండా తానే పక్కింటి అక్క చేతికి చేర్చింది. తర్వాత చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ముఖంలో ఏమీ లేదు. నాకు ఏడుపొచ్చింది. పెద్దయ్య నా వైపు చూసి మెచ్చుకోలుగా తలూపాడు. ఆ తల ఊపు నేను చచ్చేదాకా క్షమించను.

ఇంటికి వెళ్తూ దారిలో అడిగాను, ఎందుకు పట్టుకున్నావని.

"ఒలికితే నిన్నే తిడతారు గదే" అంది.

ఒక గ్లాసు తీసుకుని తాగెయ్యాల్సింది కదా అన్నాను.

"ఇయ్యని నీల్లు తాగుతారేటి?" అంది. అక్కడితో ఆ మాట అయిపోయింది.

తర్వాతి ఆదివారం ఎప్పటిలాగే రొట్టె తెచ్చింది. ఎందుకొస్తావని ఎవరో అడిగితే, ఇక్కడ అందరితో కలిసి పాడితే బాగుంటుంది అందట. ఆమె బతికినంతకాలం వచ్చింది. బతికినంతకాలం ఆ ట్రే ఆమెని దాటిపోయింది. పెద్దయ్య ఒక్కసారీ లొంగలేదు, మిగతా ఐదు కుటుంబాల్లో ఒక్కరూ నోరు తెరవలేదు. మా నాన్న కూడా. ఏళ్ళ తరబడి ఆ బల్ల మీదే కూర్చున్న నేను కూడా.

నేను సంఘం వదిలిపెట్టలేదు. ఎందుకు వదల్లేదంటే నాకూ సరిగ్గా చెప్పడం రాదు. నాకూ ఆ పాటలిష్టం. ఇప్పుడు మందిరంలో ఫ్యాన్లున్నాయి, పిల్లలు తెలుగు పాటల్ని హిందీ అక్షరాల్లో ఫోన్లో చూసుకుని పాడతారు. మొదటి ఆదివారం నన్ను లేవమంటే లేస్తాను, తెలియదు అని చెప్పి కూర్చుంటాను. ముసలిదానికి మతి పోయిందనుకుంటారు. అనుకోనీ.

మొన్నామధ్య ఒకమ్మాయి రావడం మొదలుపెట్టింది. భర్తని వదిలేసి వచ్చిందట, ఆమె సంగతి తేలేదాకా నీళ్ళు ఇవ్వొద్దని కొత్తగా వచ్చిన సంఘపెద్ద చెప్పాడు. చెప్పింది నాకే, ఆమె పక్కన కూర్చుంటాను కాబట్టి. ట్రే నా చేతికొచ్చింది. దాన్ని ఆ అమ్మాయి ముందు పట్టుకుని, తీసుకోమన్నాను. ఆమె ఆయన వైపు చూసింది. ఆయన దగ్గాడు. ఇంకోసారి దగ్గాడు. నా చేతులు ఇప్పుడూ పుల్లలే, ట్రే ఇప్పుడూ బరువే. ఆమె గ్లాసు తీసి తాగేదాకా నేను దాన్ని పక్కకి జరపలేదు.