నేను తిప్పని విస్తరి

“అత్తా, మళ్ల ఎప్పుడొస్తవ్?” అని అడిగాను.

“నీ ఇస్తరి నువ్వు తిప్పినప్పుడు చూద్దాంలే కోడలా. పో, ఎండల నిలబడకు,” అన్నది.

మా ఇద్దరి మధ్య చివరి మాటలు అవే. అప్పుడు నాకు తొమ్మిదేళ్లో పదేళ్లో ఉంటాయి. ఆమె మా పక్కింటి అత్త. చుట్టం కాదు, అయినా నన్ను కోడలా అనే పిలిచేది. మూట నెత్తిన పెట్టుకుని, తోంగ్‌పాల్‌లో ఉన్న తమ్ముడింటికి పోతూ ఆ మాట అన్నది. ఆ తర్వాత ఆమెను నేను చూడలేదు.

ఇది రాస్తున్నది మా తమ్ముడి మనవరాలు. సుక్మాలో హాస్టల్లో ఉండి చదువుతుంది, సెలవులకు వచ్చింది. చెయ్యి దానిది, నోరు నాది. నా నోరు కూడా ఏపాటిదిలే. మా ఆయన పోయి రెండు వానకాలాలైంది, అప్పుడు బొంగురుపోయిన గొంతు మళ్లీ తిరిగి రాలేదు.

మా మరైగూడలో ఇంటింటికీ తిరిగి మందులిచ్చే మితానిన్ పిల్ల ఒకతె ఉంది. ఈ మధ్య బుధవారం పూట ఆడవాళ్లనందరినీ ఊరవతల ఇప్పచెట్ల కింద కూర్చోబెడుతోంది. వాన పడితే పంచాయతీ భవనంలో. మనసులు తేలికపడాలట. ఊపిరి పీల్చి వదలమంటుంది, పాడమంటుంది, నవ్వమంటుంది. నవ్వమంటే నవ్వొస్తుందా అని మొదటిరోజు ఒకరినొకరు చూసుకుని నవ్వాం. ఆ నవ్వే నవ్వయింది. పోయిన వారం ఆ పిల్ల పెద్దవాళ్లందరినీ చిన్ననాటి మంచి సంగతి ఒకటి రాయించుకుని తెమ్మన్నది. చెట్ల కింద చదివి వినిపిస్తుందట. నా దగ్గర ఉన్నది ఒక్క సంగతే. అది మంచిదో కాదో వినేవాళ్లు చెప్పాలి. అందరికన్నా ముందు మా తమ్ముడు వినాలి. వాడికి అరవై దాటాయి. చిన్నప్పుడు వాడి ప్రాణం మీదికి ఎందుకు వచ్చిందో వాడికే సరిగ్గా తెలియదు.

మితానిన్ పిల్ల ఈ కూర్చోవడమేదో కొత్తగా తెచ్చాననుకుంటోంది. నా చిన్నప్పుడు ఆ ఇప్పచెట్ల కిందే మా నాయనమ్మ ఆడవాళ్లను కూర్చోబెట్టేది. అడవిలో చెట్ల మీదికి పాకిన అడ్డతీగెల నుంచి ఆకులు కోసుకొచ్చి, వెదురుపుల్లలతో గుచ్చి విస్తర్లు కుట్టేవాళ్లం. మా తెలుగువాళ్లు, దోర్లవాళ్లు, అందరూ ఒకే గుండ్రంలో కూర్చునేవాళ్లు. అక్కడొక పద్ధతి ఉండేది. ఎవరి మనసులో ఏ బరువున్నా, ఆమె మొదటి విస్తరి దాని పేరున కుట్టి, నోరు విప్పకుండా తన ముందు బోర్లించి పెట్టేది. ఎవరూ ఏమిటని అడగకూడదు. చెప్పుకోవాలనిపిస్తే ఆమే దాన్ని వెల్లకిలా తిప్పేది. తిప్పిందంటే అందరూ చేతులు ఆపాలి. పుల్ల కింద పెట్టి, ఆకు కింద పెట్టి, వినాలి. సలహాలు లేవు, విన్నది ఇంటికి మోసుకుపోవడం లేదు. ఆకు దగ్గర అబద్ధమాడటం అసలే లేదు. తిప్పని విస్తర్లు అక్కడే ఉండిపోయేవి. వాటిని అమ్మరు, వాటిలో తినరు. చెదలు తినేస్తాయి.

చిన్నపిల్లలం మేమూ ఆటగా ఒకటి కుట్టి బోర్లించేవాళ్లం. పిల్లలకేం బరువులుంటాయని పెద్దవాళ్లు నవ్వేవాళ్లు. పక్కింటి అత్త మాత్రం నవ్వేది కాదు. నాది వంకరగా ఉంటే పుల్ల తీసి మళ్లీ గుచ్చించేది.

ఆమెకు పెనిమిటి లేడు, పిల్లల్లేరు. ఇల్లు, ఇంటి చుట్టూ అడవాముదం కంచె, అంతే. ఆ మొక్కను పశువులు ముట్టవని కంచెకు వేస్తారు. దాని కాయల్లో నల్లటి గింజలుంటాయి. పగలగొడితే లోపల తెల్లటి పప్పు, పల్లీల్లాగే తియ్యగా ఉంటుంది. తినొద్దని నాయనమ్మ చెప్పింది. ఎందుకో చెప్పలేదు. అందుకని, నాకు తెలియక చేశానంటే అది సగమే నిజం.

ఆరోజు మా అమ్మ ఆకులకు పోయింది. తమ్ముణ్ణి నాకు అప్పగించింది. వాడికి రెండేళ్లు. పొద్దున అత్త పిలిచి వాడికి ఇంత జావ తాగించింది. తాగి కాసేపు ఆడి, మళ్లీ ఏడుపు మొదలుపెట్టాడు. చంకనెత్తుకుని తిరిగాను, పిట్టను చూపించాను, ఆపడు. ఎండాకాలంలో మేము సారగింజలు రాతితో కొట్టి పప్పు తినేవాళ్లం. అదే పని వీటికీ చేశాను. మా ఇంటి గుండ్రాయి తెచ్చి, కంచె దగ్గర కూర్చుని, గింజ పగలగొట్టి పప్పు వాడి నోట్లో పెట్టాను. ఏడుపు ఆగింది. ఇంకొకటి కావాలని చెయ్యి చాపాడు. పెట్టాను. చాపినప్పుడల్లా పెట్టాను. వాడు నవ్వుతుంటే నాకూ సంతోషమైంది. నేనూ ఒకటి తిన్నాను.

మధ్యాహ్నానికి వాడికి వాంతులు పట్టుకున్నాయి. తర్వాత విరేచనాలు. కళ్లు లోపలికి పోయాయి, పిలిస్తే పలకలేదు. నాకూ కడుపులో తిప్పింది కానీ చెప్పలేదు, గొడ్లపాక వెనక్కి పోయి కక్కుకొచ్చాను. దవాఖానాకు తీసుకుపోయే దారి అప్పట్లో ఎక్కడిది? నాయనమ్మ గంజిలో ఉప్పు వేసి చుక్క చుక్క పోసింది. మా అమ్మ వాణ్ణి ఒళ్లో నుంచి దించలేదు. మూడో రోజుకు వాడు కళ్లు తెరిచాడు. బతికాడు. కానీ చాలా రోజులు తలకాయ నిలబెట్టలేకపోయాడు.

ఆ మూడు రోజుల్లో ఊరు వేరే సంగతి తేల్చుకుంది. పొద్దున వాడు ఎవరి చేతి జావ తాగాడు? మొగుణ్ణి మింగింది, పిల్లల్లేనిది, దాని కన్ను పడింది. ఎవరు మొదట అన్నారో తెలియదు. రెండో రోజుకు అత్త బావి దగ్గరికి వస్తే మిగతావాళ్లు కుండలు ఎత్తుకుని పక్కకు జరిగారు. ఆమె నిప్పు అడిగితే పొయ్యి ఆరిపోయిందన్నారు. మా నాయన, “అది ఈడ ఉంటే నా పిల్లగాడు బతకడు,” అని పెద్దమనుషుల దగ్గర కూర్చున్నాడు. వచ్చే సంతరోజు ఆమెను ఊరు దాటించాలా వద్దా అని తేలుస్తామన్నారు.

నాకు అన్నీ వినపడుతున్నాయి. నేను పలికితే అయిపోతుంది. కానీ మా అమ్మ తమ్ముణ్ణి పట్టుకున్న పట్టు చూస్తే, చెప్పానంటే ఇక నన్ను దగ్గరికి రానివ్వదేమో అనిపించింది. తొమ్మిదేళ్ల బుర్రకు అంతకన్నా పెద్ద భయం లేదు.

ఒక పొద్దున మా గడప మీద గుండ్రాయి కనిపించింది. కంచె దగ్గర నేను మరిచిపోయిన రాయి. కడిగి పెట్టి ఉంది. కంచె కింద నేను కాలితో మట్టి కప్పిన తొక్కలు కూడా లేవు, ఊడ్చేసి ఉన్నాయి. అత్తకు తెలుసని అప్పుడు అర్థమైంది.

సంతకు రెండు రోజుల ముందు ఆకుల దగ్గర కూర్చున్నాం. నాయనమ్మే పోయి అత్త చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. గుండ్రంలో ఒకామె లేచి నిలబడింది.

“దీని పక్కన నేను కూసోను.”

“కూసోకు. నిలబడే కుట్టు. ఒంటికాలి మీద ఎట్ల కుడతవో మేమూ చూస్తం,” అన్నది నాయనమ్మ.

ఎవరో కిసుక్కుమన్నారు. ఆమె కూర్చుంది. అత్త విస్తరి కుట్టి బోర్లించింది. నేనూ కుట్టి బోర్లించాను. ఆరోజు అది ఆట కాదు. అందరి పుల్లలూ చప్పుడు చేస్తూ ఆకుల్లో దిగుతున్నాయి. అప్పుడు అత్త తన విస్తరిని వెల్లకిలా తిప్పింది. అన్ని చేతులూ ఆగాయి.

“పిల్లగాడు తిన్నది నా కంచె గింజలు,” అన్నది. “తొక్కలు నేనే ఊడ్చిన. జావల ఏం లేదు. కంచె నాది. పిల్లలు తిరిగే కాడ అది ఉంచొద్దని తెలుసు. కొట్టేద్దాం కొట్టేద్దామని కొట్టెయ్యలే. తప్పు నాదే.”

నాకు ఊపిరి వచ్చింది. అయిపోయింది, ఇక ఎవరూ ఏమీ అనరు అనుకున్నాను. కానీ మా అమ్మ తలెత్తింది.

“రెండేండ్లోడు. వాని పండ్లకు ఆ గింజ పగుల్తదా? ఎవరు పగలగొట్టి పెట్టిన్రు?”

“ఇక్కడ అడుగుడు లేదు,” అన్నది నాయనమ్మ.

“నా కొడుకు సచ్చి బతికిండత్తా,” అన్నది అమ్మ నాయనమ్మతో. “అడుగుత. ఎవరు పెట్టిన్రు?”

అత్త నా వైపు చూడలేదు. చూస్తే అందరూ నా వైపు చూస్తారని చూడలేదు. తన విస్తరినే చూస్తూ, “నాకు తెల్వదు,” అన్నది.

ఆకు దగ్గర అబద్ధమాడరని చెప్పాను కదా. ఆమె ఆడింది. అది అబద్ధమని అక్కడున్న అందరికీ తెలిసిపోయింది. ఎవరిని దాస్తున్నదో మాత్రం నాకొక్కదానికే తెలుసు. మిగతావాళ్లు, తననే దాచుకుంటున్నదనుకున్నారు.

నా చెయ్యి నా విస్తరి మీదే ఉంది. పుల్ల మొన అరచేతిలో గుచ్చుకుంటోంది. ఇంత మణికట్టు తిప్పితే చాలు. చుట్టూ ఆడవాళ్లు చేతులు ఆపే ఉన్నారు, వినడానికే ఉన్నారు. ఆ చెట్ల కింద కూర్చునేది అందుకే. నేను తిప్పలేదు. ఎవరో గొంతు సవరించుకున్నారు. ఒక చెయ్యి ఆకు అందుకుంది, తర్వాత ఇంకొకటి. పుల్లల చప్పుడు మళ్లీ మొదలైంది.

సంతరోజు దాకా ఆమె ఆగలేదు. మర్నాడు పొద్దున కత్తి తీసుకుని కంచె మొత్తం తనే కొట్టేసింది. కుప్ప వేసి కాల్చింది. ఎండెక్కాక మూట కట్టింది. సాగనంపడానికి ఎవరూ రాలేదు. నేను ఇప్పచెట్ల దాకా వెనకాలే పోయాను. ఆమె గుండ్రం దగ్గర ఆగి, బోర్లించి ఉన్న విస్తర్లలో నా వంకర విస్తరి ఏరి, మట్టి దులిపి, నా చేతిలో పెట్టింది. చెదలకు ఇవ్వకు అన్నది. ఆ తర్వాతే, మొదట రాయించానే, ఆ మాటలు అనుకున్నాం.

ఆ విస్తరిని ఇంటి వాసాల్లో దోపాను. వానకాలంలో మా అమ్మ పొయ్యి అంటించడానికి తీసేసింది. నేను ఏడిస్తే, “ఎండాకుకు ఏడుస్తరా ఎవరన్నా,” అని నవ్వింది. అప్పుడూ చెప్పలేదు.

పెళ్లయిన చాలా ఏళ్లకు ఒక పెళ్లికని తోంగ్‌పాల్ పోయాం. వెతుక్కుంటూ అత్త తమ్ముడింటికి పోయాను. ఆమె చనిపోయి నాలుగేళ్లయిందని ఆ తమ్ముడి పెళ్లాం చెప్పింది. నీళ్లిచ్చింది. మీరెవరని అడిగితే, కోడల్ని అన్నాను. ఆమెకు కొడుకే లేడు కదా అన్నది. బస్సులో మా ఆయన ఏమైందని అడిగాడు. ఎండ దెబ్బ అన్నాను. ఆయన కూడా ఈ సంగతి తెలియకుండానే పోయాడు.

మధ్యలో ఎన్నో ఏళ్లు అడవిలో నలుగురు కూర్చోవడమే భయమైపోయింది. దళంవాళ్లో పోలీసులో, ఎవరొచ్చి ఎందుకు కూడారని అడుగుతారో తెలియదు. ఎవరింట్లో వాళ్లు తలుపు వేసుకుని ఆకులు కుట్టుకున్నాం. ఎవరి బరువు వాళ్ల దగ్గరే ఉండిపోయింది. నాకు అది సుఖంగానే ఉంది. తిప్పమనేవాళ్లు లేరు కదా.

ఇప్పుడెందుకు చెబుతున్నానంటే, పోయిన బుధవారం జరిగినదాని వల్ల. మా ఊళ్లో ఈ ఏడే పెనిమిటి పోయిన చిన్నది ఒకతె ఇప్పచెట్ల కిందికి అందరికీ జావ కాచి తెచ్చింది. దోసిలి అంత గిన్నెల్లో పోసి పంచింది. ఈ మనవరాలు గిన్నె అందుకుని, తాగకుండా పక్కన పెట్టింది. ఎందుకే అంటే, “తాత వద్దన్నడు అవ్వా. ముండమోసినోళ్ల చేతి జావ తాగే చిన్నప్పుడు చావబోయిండట,” అన్నది. ఆ చిన్నదానికి వినపడింది. గిన్నెలో జావ చూస్తూ నిలబడింది. అచ్చం పక్కింటి అత్త తన విస్తరిని చూసినట్టే చూసింది.

ఆరోజు నేను మింగిన మాట ఎక్కడికీ పోలేదు. నా తమ్ముడి నోట్లో నుంచి, వాడి మనవరాలి నోట్లో నుంచి, ఇంకొకతె మీద పడింది. అత్త దగ్గర నేను నేర్చుకున్నది ఇంతే. తన తప్పు కానిది కూడా తిప్పి చెప్పిన ఆడదాన్ని చూశాను. నా తప్పు నేను చెప్పడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది.

రాయి బిడ్డా, ఎందుకు ఆపావు? కళ్లు తుడుచుకుని రాయి. మీ తాతకు గింజలు పగలగొట్టి పెట్టింది నేను. ఆమె జావలో ఏమీ లేదు. అది రెండుసార్లు రాయి. ఆమె జావలో ఏమీ లేదు.

చాలు. ఇక బుధవారం దాకా ఆగొద్దు. మీ తాత అరుగు మీదే ఉన్నాడు, తలుపు తీసే ఉంది. నేను కుడుతున్న ఆకు కింద పెట్టాను, పుల్ల కింద పెట్టాను. మొదటినుంచి చదువు. నా గొంతుకు సత్తువ లేదు, నువ్వే గట్టిగా చదువు.