కోటిరత్నం చూపించిన ఇల్లు

కోటిరత్నం పిన్ని ఎవర్నీ నమ్మదని మా ఊళ్ళో అంటారు. కల్లంలో మిరపకాయలకి తొడిమలు తీసేటప్పుడు మేమంతా గుంపుగా కూర్చుంటే, ఆమె మాత్రం గోడకి వీపు ఆనించి కూర్చుంటుంది. వెనక ఎవరు నిలబడ్డా ఆమెకి పడదు. ముందునుంచీ ఇలా లేదు. శ్రావణంలో మొగుడు పోయాక ఇలా అయింది.

ఆయన ధనిష్ఠ నక్షత్రంలో పోయాడు. అలా పోతే ఆరు నెలలు ఇల్లు మూసేసి, మనుషులు వేరేచోట ఉండాలి. మా వైపు చాలామంది పాటిస్తారు. పిన్ని నాలుగు చీరలు, బియ్యం డబ్బా పట్టుకుని బావగారు చెంచురామయ్య పెరట్లో రేకుల పాకలోకి వెళ్ళింది. ఇంటి తాళంచెవి ఆయన తీసుకున్నాడు.

గడువు అయిపోయింది. మూఢం వచ్చింది, ఆగమన్నాడు. మూఢం పోయింది. శాంతి చేయించాలి, అయ్యగారు ఊళ్ళో లేడన్నాడు. ఉగాది కూడా దాటింది. ఈలోపల, మా డాబా మీద బట్టలు ఆరేస్తుంటే, ఆయన ఆ ఇంటి పెరటి గుమ్మంలోంచి బయటికి రావడం చూశాను. పిన్నితో చెబితే, "ఎవరితోనూ అనకు" అంది. ఆ తర్వాత నా వైపు కూడా అనుమానంగానే చూసింది.

ఒకరోజు కల్లానికి బండి మీద ఇద్దరు వచ్చారు. ప్రసన్నకుమార్ అనే కుర్ర డైరెక్టరు, కెమెరా చూసే హెలెన్. చిన్న సినిమా తీస్తున్నారట. సెట్టు వేసే స్తోమత లేదట. కొన్నాళ్ళుగా మూసి ఉన్న ఇల్లు కావాలన్నారు.

"మూసిన ఇల్లెందుకయ్యా మీకు?" అన్నాడు కాటా వేసే హుస్సేన్ సాహెబ్.

"కథలో ఆ ఇంట్లో ఎవరూ ఉండరండి."

"ఎవరూ లేకపోతే ఇంకేం కథ?"

అందరూ నవ్వారు. నవ్వుతూనే ఒకావిడ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. "బైపాసు రోడ్డు కొలతలకొచ్చుంటారు. ఫొటోలు తీయనీకండే!"

వాళ్ళు చిన్నబోయి బండి దగ్గరికి నడిచారు. నీళ్ళు తాగొస్తానని పిన్ని లేచింది. నేనూ లేచాను.

"మా ఇల్లుంది బాబూ" అంది వాళ్ళతో, మెల్లగా. "తాళం మా బావగారి దగ్గరుంటుంది. నేను చెప్పానని మాత్రం చెప్పొద్దు. ఆయనకి ఫొటోలంటే మోజు. వేషం ఉందని చెప్పండి."

"మూసే ఉందా అండీ?"

"అదే మీరు చూసి చెప్పాలి."

హెలెన్ ఆమె మొహంలోకి చూసి, "సార్, ఇందులో ఏదో ఉంది" అంది. అయినా వెళ్ళారు.

పిన్ని తలనొప్పని హుస్సేన్ సాహెబ్‌తో చెప్పి నా చెయ్యి పట్టుకుంది. "నువ్వూ రా. చూసినవాళ్ళు ఒకరుండాలి." మేమిద్దరం అడ్డదారిన వెళ్ళి ఆ ఇంటి పక్క సందులో నిలబడ్డాం.

చెంచురామయ్య గారు వాళ్ళని వెంటబెట్టుకుని వచ్చాడు. "సినిమావాళ్ళేనా, అప్పు వసూలుకి బ్యాంకు పంపిందా?" అని అడుగుతున్నాడు.

"సినిమానేనండి. ప్రెసిడెంటు వేషానికి మీలాంటి మనిషే కావాలి."

ఆయన కండువా సవరించుకున్నాడు. వీధి అటూ ఇటూ చూసి తాళం తీశాడు.

తలుపు తెరుచుకోగానే ఘాటు మా సందులోకే కొట్టింది. హెలెన్ తుమ్ముతూ వెనక్కొచ్చింది. పక్క కిటికీ రెక్కల మధ్యనుంచి చూస్తే నడవ నిండా మిరపకాయ బస్తాలు. పిన్ని మంచం మీద కూడా బస్తాలే. వంటింటి గూట్లో పురుగుమందు డబ్బాలు.

"ఇది మూసిన ఇల్లు కాదండీ, గోడౌను" అన్నాడు ప్రసన్నకుమార్ నీరసంగా. "మాకు పనికిరాదు."

బండి వెళ్ళిపోయింది. పిన్ని సందులోంచి వచ్చి, ఆయన తేరుకునేలోపు గడప దాటింది.

"అమ్మాయ్! శాంతి కాలేదు, అడుగు పెట్టకూడదు!"

"మీరు పెట్టారుగా బావగారూ."

"నేను... సరుకు కోసం."

"నేను ఉండటం కోసం."

వీధి తలుపుకీ పెరటి తలుపుకీ లోపలినుంచి గడియ పెట్టుకుంది. చెంచురామయ్య గారు మూసిన తలుపు వంక చూసి, తర్వాత నా వంక చూశాడు. "వాళ్ళని నా దగ్గరికి పంపిందెవరే?" అన్నాడు. ఆయన తలుపు కొట్టాడు, తిట్టాడు, బతిమాలాడు. ఆ ఏటి ఆయన పంటలో సగం లోపలే ఉంది. ఇరుగుపొరుగు గుమ్మాల్లోకి వచ్చేసరికి వెళ్ళిపోయాడు.

సాయంత్రం అన్నం పట్టుకెళ్ళి కిటికీ తట్టాను.

"ఎవరు?"

"నేనే పిన్నీ."

"నీ వెనక ఎవరు?"

"ఎవరూ లేరు."

కిటికీ రెక్క కొంచెం తెరిచి, వీధి చివరిదాకా చూసి, అప్పుడు గిన్నె తీసుకుంది. కళ్ళు ఎర్రబడి నీళ్ళు కారుతున్నాయి.

"ఆ చెంచురామయ్యతో చెప్పు. ఈ ఇల్లు నాదని పెద్దమనుషుల ముందు చెప్పి, బస్తాలు పట్టుకెళ్ళమను. ఒక్కడే వస్తే మాత్రం తలుపు తియ్యను."

రెక్క మూసుకుంది. లోపల ఆమె దగ్గుతూనే ఉంది.