పెద్దబాపు విగ్రహం, బాపు ముఖం

బోధన్ రోడ్డు మీద మా పెద్దబాపు విగ్రహానికి నిన్న వెండిరంగు వేస్తున్నారు. ఆ ఘాటు వాసనకు విగ్రహం పెట్టిన రోజు గుర్తొచ్చింది.

మిలిటరీలో ఉన్న పెద్దబాపు, మా నాన్నకు అన్న, యుద్ధంలో చనిపోయాడు. ఇంటికి పెట్టె వచ్చింది. మూత తీయొద్దన్నారు, ఎందుకో చెప్పలేదు. తర్వాత విగ్రహం చేసేవాడు వచ్చి, "గీ చిన్న ఫొటోల చెంపలు తెలుస్తలేవు. గసొంటి మొఖం ఇంకెవలికన్న ఉన్నదా?" అని అడిగాడు. అన్నదమ్ములది ఒకటే పోలిక. మా నాన్న, బాపు, తన అన్న టోపీ పెట్టుకుని వాడి ముందు కదలకుండా కూర్చున్నాడు.

ముసుగు తీశాక ఊరి పెద్దలంతా దండలు వేశారు. మా అమ్మ, అవ్వ, మాత్రం చేతిలో దండ కింద పడేసింది.

"గీ మొఖమోడు నా ముంగటనే ఉన్నడు. బతికున్నోని బొమ్మకు దండెట్ల ఎయ్యాలె?"

చిన్నతనం కొద్దీ, అవ్వకు పెద్దబాపు మీద కోపమనుకున్నాను, చెప్పకుండా చనిపోయినందుకు. నేను వేస్తానని దండ తీయబోతే నా చెంప పగలగొట్టింది. ఆ తర్వాత బాపు చెరుకు బండిని ఏనాడూ ఆ రోడ్డున తోలలేదు, చుట్టు తిరిగి పోయేవాడు.

అవ్వ ఎప్పుడో పోయింది. పోయిన నెల బాపు కూడా పోయాడు.

నిన్న రంగు ఆరేదాకా అక్కడే నిలబడి, దండ వేశాను. ఈసారి వద్దనేవాళ్లు ఎవరూ లేరు.