వాళ్ళన్నయ్యకు మిరపకాయ సిస్టర్ వేసిన మార్కులు

మా ఐసీయూ పెద్ద సిస్టర్‌ని వెనకాల అందరం మిరపకాయ అనేవాళ్ళం. ఎదురుగా మాత్రం బుద్ధిగా ‘అక్కా’ అనేవాళ్ళం. మనిషి పొట్టి, కోపం ముక్కు మీదే ఉండేది. చెప్పులతో లోపలికొచ్చింది డాక్టరుగారి బావమరిదే అయినా సరే, దులిపి వదిలేది. ఆవిడ చేతికింద పని నేర్చుకున్న నర్సుల్లో నేనూ ఒకదాన్ని. నేను తిన్నన్ని తిట్లు ఇంకెవరూ తిని ఉండరు.

ఏ రోగి గట్టెక్కుతాడో, ఎవరు చేజారేలా ఉన్నారో ముందే అంచనా వేయడానికి పెద్ద ఆసుపత్రుల్లో బోలెడు రక్తపరీక్షలు చూస్తారు. మా ల్యాబులో మిషను బాగుంటే పరీక్షలో కలిపే మందు ఉండదు, మందు ఉంటే కరెంటు ఉండదు. అందుకని మా డాక్టరుగారు చేత్తో, కంటితో చూడగలిగే వాటికే మార్కులు పెట్టారు. నాడి, ఊపిరి, బీపీ, జ్వరం, తెలివి, అంతే. బడి మార్కులకు ఇది తిరగేసిన లెక్క. ఎక్కువ వచ్చినవాడికే ప్రమాదం. హద్దు దాటితే ఇంటివాళ్ళను కూర్చోబెట్టి ఉన్నమాట చెప్పాలి, దూరాన ఉన్నవాళ్ళను పిలిపించుకోమనాలి.

తెలివి దగ్గరే మాకు తల ప్రాణం తోకకొచ్చేది. తనంతట తాను కళ్ళు తెరిచి చూస్తుంటే సున్నా. పిలిస్తేనే తెరిస్తే కొన్ని మార్కులు, గిల్లితేనే కదిలితే ఇంకొన్ని. రోగి కొంచెం రెప్ప ఆడించగానే మేం సంబరపడి సున్నా వేసేసేవాళ్ళం. అక్క ఊరుకునేది కాదు.

“పిలవకుండా తెరిచాడా? నిజం చెప్పు. నీ జాలి ఇంట్లో పెట్టి రా. ఇక్కడ కళ్ళతో చూసిందే వెయ్యి” అని అందరి ముందూ కడిగేసేది.

అలాంటి మనిషి సొంత అన్నయ్యే ఒక రోజు మా వార్డుకి వచ్చాడు. ఆయన టైలరు. ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరి, ఒళ్ళు కాలిపోతూ వచ్చాడు. అక్క ఇంకెవర్నీ దగ్గరికి రానివ్వలేదు. అన్నీ తనే చూసి, మార్కులూ తనే వేసింది. హద్దుకి కాస్త ఇవతలే ఆగాయి.

ఆవిడ వదిన గుమ్మం దగ్గరే నిలబడి ఉంది. “పిల్లకి ఫోన్ చెయ్యనా?” అని అడిగింది. ఒక్కతే కూతురు, వేరే ఊళ్ళో ఉద్యోగం.

“ఎందుకు వదినా, కొత్త ఉద్యోగం, సెలవు దొరకదు. అన్నయ్య రెండ్రోజుల్లో లేచి కూర్చుంటాడు. నువ్వు కంగారుపడి దాన్ని కంగారుపెట్టకు” అంది అక్క.

మర్నాడు పొద్దున మార్కులు వేసే వంతు నాది. టైలరుగారిని పిలిచాను, చెవి దగ్గర గట్టిగా పిలిచాను. ఉలుకూ పలుకూ లేదు. గిల్లితే చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. మార్కులు హద్దు దాటిపోయాయి. ముందు రోజు తెలివి దగ్గర ఏం వేశారా అని చూస్తే, సున్నా.

“అక్కా, నిన్న ఆయన తనంతట తానే కళ్ళు తెరిచాడా?” అన్నాను.

“నన్ను చూసి నవ్వాడు.”

“పిలవకుండానేనా?”

అక్క మంచం మీది దుప్పటి సర్దడం మొదలుపెట్టింది. సర్దిందే సర్దింది. “పిలిచాను. పిలిస్తేనే తెరిచాడు” అంది.

నాకు ఒళ్ళు మండింది. పిలిస్తే తెరిచాడని వేసి ఉంటే నిన్ననే హద్దు దాటేవి, ఆ పిల్ల నిన్ననే బయల్దేరేది. ఇదే తప్పు నేను చేస్తే ఈవిడ నన్ను బతకనిచ్చేదా? కానీ ఆవిడ మొహం చూసి మార్కుల కాగితం పక్కన పెట్టేశాను. అక్కే బయటికి నడిచింది.

“పిల్లని రమ్మను వదినా. ఉన్నపళంగా బయల్దేరమను.”

“నిన్న లేస్తాడన్నావుగా?”

“నిన్న తప్పు చెప్పాను.”

మేనకోడలు మధ్యాహ్నానికి వచ్చింది, భుజాన ఆఫీసు సంచీతోనే. చెప్పులు విప్పడం మర్చిపోయి లోపలికొచ్చింది. అక్క ఏమీ అనలేదు. ఆ పిల్ల తండ్రి చెయ్యి పట్టుకుని “నాన్నా, నేనొచ్చాను” అంది. మళ్ళీ మళ్ళీ అంది. ఆయన పలకలేదు.

“నిన్న పిలిస్తే కళ్ళు తెరిచాడమ్మా, నవ్వాడు కూడా” అంది అక్క. “నిన్ననే నిన్ను రప్పించాల్సింది. మీ అమ్మ పిలుస్తానంటే వద్దన్నది నేనే.”

ఆ పిల్ల తిడుతుందేమో అనుకున్నాను, తిట్టినా తప్పులేదనిపించింది. ఆ పిల్ల కళ్ళు తుడుచుకుని, పక్కకు జరిగి తలవైపు చోటిచ్చింది.

“నువ్వు పిలిస్తే తెరిచాడుగా అత్తా. ఇప్పుడూ నువ్వే పిలువు.”

అక్క వంగి, “అన్నయ్యా” అంది. మేం చేతుల్లో పని ఆపేసి ఆయన రెప్పల వంకే చూశాం. అవి కదల్లేదు.

“ఇంకోసారి అత్తా” అంది ఆ పిల్ల.

అక్క మళ్ళీ పిలిచింది.