కోడలి కంప్యూటరుకు మెయిన్ దించిన మధ్యాహ్నం

ఆ రోజుల్లో, అంటే మన రాష్ట్రం మనకు వచ్చిన కొత్తలో, నాకు అరవై నిండుతున్నా కంప్యూటరు దగ్గర మాత్రం పాలుతాగే వయసే. అంతకుముందు ముప్పై ఏళ్లు బోరు మోటర్లు విప్పి, వైండింగ్ కట్టి బతికాను. ఎవరూ నేర్పలేదు. మా మోటరు కాలిపోయినప్పుడు మెకానిక్ రెండు నెలలు తిప్పించుకుంటే, ఆ కోపంతోనే విప్పుకొని కూర్చున్నాను (తిరిగి బిగించడానికి ఇంకో నెల పట్టింది, ఆ ముచ్చట మా ఇంట్లోవాళ్లు ఇప్పటికీ మరిచిపోరు). అందుకని కరెంటుతో నడిచే ఏ వస్తువూ నాకు లెక్కలోది కాదని గట్టి నమ్మకం. చూపు తగ్గి పని మానుకున్నాక, కేతేపల్లిలో మా కోడలు పెట్టుకున్న ఆన్‌లైన్ సెంటర్లో కుర్చీ వేసుకొని, వచ్చినవాళ్లకు అడగని సలహాలు చెబుతుండేవాణ్ని.

పక్క దుకాణం మడిగెలో బట్టలు కుట్టే టైలరక్క అంగన్‌వాడీ కొలువుకు దరఖాస్తు పెడుతోంది. మొగుడు పోయిన మనిషి, వయసు కూడా హద్దులో ఉన్నది ఆ ఒక్క ఏడాదే. ఆ రోజు సాయంత్రం అయిదింటితో గడువు సరి. కాగితాలన్నీ మా కోడలు స్కాన్ చేసి కంప్యూటర్లో ఎక్కించింది, దరఖాస్తు సగం నిండింది, అంతలో మిషన్ మొరాయించింది. కోడలు రీస్టార్ట్ కొట్టి లేచింది.

"మామా, లోపల అప్‌డేట్ ఎక్కుతాంది. నేను ఇంటికి పోయి రెండు బుక్కలు తినొస్త. అది తిరిగినంతసేపు తిరగనియ్యుండ్రి, జర ముట్టకుండ్రి."

"ముట్టనులే బిడ్డా. నేనేమన్న చిన్నపోరణ్నా?"

నిజంగానే ముట్టదలచుకోలేదు. కానీ తెర మీద చుక్కలు గుండ్రంగా తిరుగుతున్నాయి, కింద ముప్పై అన్న అంకె ఇరవై నిమిషాలైనా కదల్లేదు, డబ్బా లోపల ఫ్యాను మాత్రం గుయ్‌మని మోత. మోటరు పని చేసిన ఎవరినైనా అడగండి. మూడు ఫేజుల్లో ఒకటి పోతే మోటరు తిరగదు, మూలుగుతుంది. ఆ మూలుగు విన్నాక మెయిన్ దించకుండా నిలబడితే వైండింగ్ మాడి బొగ్గవుతుంది. నాకు అప్పటికే మాడు వాసన కూడా వచ్చింది (పక్కన టైలరక్క ఇస్త్రీ పెట్టె వాసనట అది, తర్వాత తెలిసింది). లేచాను. గోడ మీది మెయిన్ స్విచ్చి దించాను. మోత ఆగింది. ఒక పేదరాలి కొలువును కాపాడానన్న తృప్తితో నీళ్లు కూడా తాగాను.

మళ్లీ కరెంటు ఇస్తే నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు. కోడలు వచ్చి చూసింది, గోడ వైపు చూసింది, నా వైపు చూసింది.

"మామా, మెయిన్ దించిండ్రా?"

"దించిన. మూలుగుతాంది బిడ్డా అది! కాలిపోతే ఎవలు కట్టిస్తరు?"

"అది మూలుగుడు కాదు మామా, పని చేసుకునుడు. నడిమిట్ల పీకితే ఎక్కడిదక్కడ ఆగి ఆగమైతది. మనం తెర మీద ఆపుమని చెప్పాలె, అది లోపల అన్ని సదురుకోవాలె, లైటు ఆరినంకనే గోడ మీది స్విచ్చి."

ఆ మాటలకు టైలరక్క మెడలో టేపుతోనే వచ్చి నిలబడింది. "సూది గుడ్డల ఉండంగనే గుంజినట్టు చేసినవు గద కాకా! నా బతుకే దొరికిందా నీకు?" అంది. నవ్వుతూనే అంది, కళ్లలో మాత్రం నవ్వు లేదు. నకిరేకల్లో ఇంకో సెంటరుకు పోదామంటే బస్సెక్కి దిగి, కాగితాలన్నీ మళ్లీ ఎక్కించేసరికి గడువు దాటుతుంది.

మిషన్ తనను తానే బాగుచేసుకోవడం మొదలుపెట్టింది. మళ్లీ అవే చుక్కలు, అదే మోత. మూడున్నర, నాలుగు. నా చేయి రెండుసార్లు దానంతటదే గోడ వైపు పోయింది. రెండోసారి టైలరక్క నా మణికట్టు పట్టుకొని కూర్చోబెట్టి, ఒళ్లో ఒక జాకెట్టు పడేసింది. "నీ చేతులకు పని లేకనే గిట్లయితాంది. గీ హుక్కులు కుట్టు కాకా." తెర వంక చూస్తూ ఆరు హుక్కులు కుట్టాను. ఆరూ తలకిందులే.

నాలుగు ఇరవైకి మిషన్ లేచింది. కోడలి వేళ్లు కీబోర్డు మీద చినుకుల్లా పడ్డాయి. అయిదుకు పది నిమిషాలుండగా దరఖాస్తు పోయింది. టైలరక్క జాకెట్టు తీసుకొని హుక్కులు ఊడదీస్తూ కూర్చుంది. (కొలువు ఆమెకే వచ్చింది. నా మీద ఫిర్యాదుగా ఇప్పటికీ ఆ హుక్కుల సంగతే చెబుతుంది, మెయిన్ సంగతి ఎత్తదు.)

ఆ సాయంత్రం మూసే వేళకు కోడలు, "మామా, ఇయ్యాల మీరే ఆపుండ్రి" అంది. తెర మీద ఆమె చూపించినచోట నొక్కాను. మిషన్ ఏదో సదురుకోవడం మొదలుపెట్టింది. టైలరక్క మడిగె మూసి, తాళం చెవి కొంగుకు కట్టుకుంటూ, "ఇంటికి రావా కాకా?" అంది.

"ఆగు బిడ్డా. దాని పని కానియ్యి."

ఊళ్లో ఎవరినీ మాట పూర్తి చేయనివ్వని మనిషిని. తీర్పు చెప్పే పెద్దమనిషిని కూడా నడిమిట్లోనే అందుకొనేవాణ్ని. అటువంటివాణ్ని ఆ డబ్బా మీది చిన్న లైటు ఆరేదాకా చేతులు కట్టుకొని కూర్చున్నాను. ఆరింది. అయినా మరో రెండు నిమిషాలు ఆగాను, ఇంకేమన్నా మిగిలి ఉంటుందేమోనని.